ఉతికే చేతికి కూడా తెలియాలి

బ్రాంప్టన్‌లో ప్రతి ఆదివారం మేము కొందరం వాలంటీర్లం ఒక టేబుల్ వేసుకుని కూర్చుంటాం. ఫారాలు నింపిపెట్టడం, ఆఫీసుల నుంచి వచ్చిన ఉత్తరాలు చదివి అర్థం చెప్పడం మా పని. పోయిన చలికాలంలో ఒక తమ్ముడు ఎడమ ముంజేతికి కట్టుతో వచ్చాడు. ఊరు నిజామాబాద్ వైపు. అక్కడ ఐ.టి.ఐ. చేసి లైన్ పనులకు వెళ్లేవాడు, ఇక్కడ ఎలక్ట్రికల్ అప్రెంటిస్. డబ్ల్యూ.ఎస్.ఐ.బి. వాళ్లకు పంపాల్సిన ఫారం 6 నింపాలి.

"ఎఫ్.ఆర్. అంగీ ఏసుకునే ఉన్న అక్కా. అయినా కాలింది" అన్నాడు. చొక్కాను ప్లాస్టిక్ సంచిలో వెంట తెచ్చాడు. విప్పి చూశాం. మోచేయి దగ్గర చిరిగిన చోట మామూలు గుడ్డతో చక్కగా అతుకు వేసి ఉంది. ఆ అతుకు కాలిపోయింది. దాని కింద, చలికని వేసుకున్న పాలిస్టర్ థర్మల్ బనియన్ కరిగి చర్మానికి అంటుకుందట. చొక్కా మిగతా భాగం నల్లబడింది కానీ కాలలేదు.

వెనక నిలబడ్డ అతని భార్య అంతసేపూ మాట్లాడలేదు. చివరికి మెల్లగా అడిగింది. "ఆ అతుకు నేనే ఏసిన అక్కా. నా వల్లనే కాలిందా?"

ఆ అమ్మాయి ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను చదివింది బి.కాం., ఎలక్ట్రికల్ పని నాకు రాదు. కానీ తప్పు ఎవరి ఖాతాలో రాయాలో చూడటం నా చదువులో భాగమే. అందుకే ఈ బట్టల గురించి చదివాను, పని తెలిసిన అన్నలను అడిగాను. నాకు అర్థమైంది ఒక్కటే. ఆర్క్ ఫ్లాష్ చొక్కా బట్ట కాదు, పనిముట్టు. దాన్ని ఎంచడం, కొనడం, ఉతకడం, పాడైతే మార్చడం కంపెనీ బాధ్యత. ఆ బాధ్యతను మన బేస్‌మెంటు ఇళ్లలోని వాషింగ్ మెషీన్ మీదికి, మన ఆడవాళ్ల కుట్టుమిషను మీదికి తోసేయడం అన్యాయం. అది మారేదాకా, వేసుకునేవాళ్లకు తెలిసినంతా ఉతికేవాళ్లకు కూడా తెలియాలి.

షాక్ వేరు, ఆర్క్ ఫ్లాష్ వేరు

మన ఊళ్లలో కరెంటు ప్రమాదం అంటే షాక్ కొట్టడమే. తీగ ముట్టుకుంటేనే ప్రమాదం అనుకుంటాం. ఆర్క్ ఫ్లాష్‌కు ముట్టుకోనక్కర్లేదు. పేనల్ లోపల స్క్రూడ్రైవర్ జారినా, దుమ్మూ తేమా చేరినా, పాత బ్రేకర్ సరిగ్గా తెగకపోయినా, రెండు ఫేజుల మధ్య గాలిలోంచే కరెంటు దూకుతుంది. ఆ మెరుపు లోపలి వేడి దాదాపు 20,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చని చెబుతారు. రాగి కరిగి ఆవిరవుతుంది, పెద్ద పేలుడు శబ్దం వస్తుంది, అడుగుల దూరంలో నిలబడ్డవాడికి కూడా ముఖం, చేతులు, ఛాతీ కాలతాయి. ఇదంతా కళ్లు మూసి తెరిచేలోపే అయిపోతుంది.

మనిషిని ఎక్కువగా కాల్చేది చాలాసార్లు ఆ మెరుపు కాదు, అంటుకున్న బట్ట. మెరుపు క్షణంలో పోతుంది, బట్ట మాత్రం మండుతూనే ఉంటుంది. పాలిస్టర్, నైలాన్ అయితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. అందుకే ఈ ప్రత్యేకమైన బట్టలు. ఇవి అంటుకున్నా మండుతూ పోవు, మెరుపు వేడిలో కొంత భాగాన్ని ఒంటికి చేరకుండా ఆపుతాయి.

కొంత భాగాన్నే అన్నాను, గమనించండి. చర్మం మీద బొబ్బలెక్కే కాలిన గాయం మొదలు కావడానికి చదరపు సెంటీమీటరుకు 1.2 క్యాలరీల వేడి చాలు. చొక్కా మీద 8 అని రాసి ఉంటే, 8 క్యాలరీల దాకా ఏమీ కాదని కాదు అర్థం. సాధారణంగా ఆ అంకె చెప్పేది, అంత వేడి తగిలితే లోపలి చర్మానికి అలాంటి గాయం మొదలయ్యే అవకాశం సగానికి సగం అని. అంటే ఈ చొక్కా ప్రాణం కాపాడటానికే, ధైర్యంగా లైవ్‌లో చెయ్యి పెట్టడానికి కాదు.

ముందు కరెంటు తీయించండి

మన ఊళ్లో డిపార్ట్‌మెంటులో చేసినవాళ్లందరికీ తెలిసిన మాట ఒకటుంది. "ఎల్.సి. తీసుకున్నావా?" లైన్ క్లియర్ తీసుకోకుండా స్తంభం ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మనకు తెలుసు. ఇక్కడ దాని పేరు లాకవుట్. ఒంటారియో నిర్మాణ పనుల నిబంధనలు 213/91 ప్రకారం, ముందు కరెంటు తీయాలి, ఎవరూ మళ్లీ వేయకుండా తాళం వేయాలి, ట్యాగ్ తగిలించాలి, ఆ తర్వాతే పని. కరెంటు ఉండగా చేయడం తప్పనిసరి పరిస్థితుల్లో మాత్రమే. అలా చేయాల్సి వస్తే షాక్ నుంచి, కాలడం నుంచి కాపాడే గ్లౌజులు, మంట తట్టుకునే బట్టలు, మిగతా సరంజామా ఉండాలి.

కాబట్టి ఫోర్‌మన్ "సూట్ వేసుకుని చేసెయ్" అన్నప్పుడు మన మొదటి ప్రశ్న సూట్ గురించి ఉండకూడదు. "కరెంటు ఎందుకు తీయకూడదు?" అని ఉండాలి. ఆపేసిన లైను మళ్లీ పరీక్షించి చూసేదాకా అది లైవ్ లైనే, కాబట్టి ఆ పరీక్ష చేసేటప్పుడు కూడా బట్టలు ఒంటి మీద ఉండాలి.

లేబుల్ చదవడం నేర్చుకుందాం

కెనడాలో ఈ పనుల భద్రతకు సి.ఎస్.ఏ. జెడ్ 462 అనే ప్రమాణం ఉంది. 2008లో వచ్చింది, మూడేళ్లకోసారి సవరిస్తూ వస్తున్నారు. అందులో బట్టలకు నాలుగు తరగతులు. మొదటిది కనీసం 4 క్యాలరీలు, రెండోది 8, మూడోది 25, నాలుగోది 40. పేనల్ మీద అంటించిన హెచ్చరిక లేబుల్‌లో ఎన్ని క్యాలరీలో, లేదా ఏ తరగతి బట్టలు కావాలో ఉంటుంది. బట్ట మీది అంకె ఆ అంకెకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. లేబులే లేకపోతే ఊహించుకుని పని మొదలుపెట్టొద్దు, అడగండి.

షాపులో చూసేటప్పుడు ఎఫ్.ఆర్. అన్న రెండక్షరాలు చూసి ఆగిపోకండి. ఎఫ్.ఆర్. అంటే మంట తట్టుకునేది అని మాత్రమే. ఆర్క్‌కు పరీక్షించిన బట్ట మీద ఏ.ఆర్. అనో, ఆర్క్ రేటింగ్ అనో రాసి, పక్కన క్యాలరీల అంకె ఉంటుంది. అంకె లేకపోతే అది మన పనికి కాదు. ఏ.ఆర్. బట్టలన్నీ ఎఫ్.ఆర్. అవుతాయి, ఎఫ్.ఆర్. బట్టలన్నీ ఏ.ఆర్. కావు. పాత బట్టల షాపులో చౌకగా దొరికిన ఎఫ్.ఆర్. చొక్కా ఎన్నిసార్లు ఉతికారో, దేంతో ఉతికారో ఎవరికీ తెలియదు. అక్కడ మిగిలే నలభై డాలర్లు మనవి కావు.

రెండు చొక్కాలు వేసుకుంటే 8, 8 కలిసి 16 అవుతుందని లెక్క వేయకండి. ఆ రెండింటినీ కలిపి పరీక్షించి ఉంటేనే ఆ మాట చెప్పగలరు. సైజు విషయం కూడా చిన్నది కాదు. బిగుతుగా ఉంటే వేడి సూటిగా చర్మానికి చేరుతుంది, మరీ వదులైతే పనిలో తట్టుకుంటుంది. చేతులు పైకి మడిచినా, పై బొత్తాం తీసినా, చొక్కా ప్యాంటు లోపలికి తోపకపోయినా, ఆ మేరకు ఒళ్లు బయటే ఉన్నట్టు. ముఖానికి ఆర్క్ రేటింగ్ ఉన్న షీల్డు, పని స్థాయిని బట్టి తల, మెడ కప్పే ముసుగు, చెవుల్లో ప్లగ్గులు, కళ్లకు అద్దాలు కూడా ఇందులో భాగమే. రబ్బరు గ్లౌజులు వేసుకునే ప్రతిసారీ గాలి పట్టించి చిల్లు ఉందేమో చూడాలి. పరీక్షించిన తేదీ చూడాలి. పైన తోలు గ్లౌజు ఉండాలి.

చలికాలంలో చేసే తప్పు

ఇక్కడి చలి మనతో ఒక తప్పు చేయిస్తుంది. ఎనిమిది క్యాలరీల చొక్కా వేసుకుని, దాని మీద నైలాన్ జాకెట్ వేస్తాం, మెడకు ఫ్లీస్ చుడతాం, అక్రిలిక్ టోపీ పెడతాం, లోపల పాలిస్టర్ థర్మల్ వేస్తాం. అంటే మంచి చొక్కాను రెండు కరిగే పొరల మధ్య పెట్టాం. అన్నిటికన్నా పైనున్న బట్ట కూడా ఆర్క్ రేటింగ్ ఉన్నదే కావాలి, జాకెట్ అయినా, వానకోటు అయినా, టోపీ అయినా. రోడ్డు పనివాళ్లు వేసుకునే మెరిసే నారింజ రంగు వెస్టు కూడా చాలావరకు పాలిస్టరే. ఎలక్ట్రికల్ పనికి ఆర్క్ రేటింగ్ ఉన్న వెస్టు వేరే దొరుకుతుంది, అదే అడగాలి.

లోపల వేసుకునేది నూలు బట్ట కావాలి, లేదా ఉన్ని, లేదా రేటింగ్ ఉన్న బనియన్. ఇది నా సొంత సలహా కాదు. అల్బెర్టా భద్రతా నియమావళి 232వ సెక్షన్ ఇదే చెబుతుంది. కరెంటు మెరుపు ప్రమాదం ఉన్నచోట కార్మికుడు మంట తట్టుకునే పై బట్టలు వేసుకునేలా యజమాని చూడాలి, లోపల చర్మానికి తగిలే బట్ట వేడికి కరగని సహజ నూలుదో, మంట తట్టుకునేదో అయ్యేలా కార్మికుడు చూసుకోవాలి. ఫోర్ట్ మెక్‌మర్రీ వైపు పనికి వెళ్లే అన్నలు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట చెప్పాలి, నొచ్చుకోకండి. మెడలో గొలుసు, చేతికి కడియం, వెండి మొలతాడు, ఉంగరం, లోహపు తీగతో గుచ్చిన మాల, ఇవన్నీ పేనల్ దగ్గర ప్రమాదమే. లోహం కరెంటును పిలుస్తుంది, వేడికి ఒంటికి అంటుకుంటుంది. మంగళసూత్రం వేసుకునే అక్కచెల్లెళ్లు ఇప్పుడు ఈ పనుల్లోకి వస్తున్నారు. అయ్యప్ప దీక్షలో ఉన్న తమ్ముళ్లు మాల తీయడం కుదరదంటారు. అలాంటప్పుడు ఆ రోజులకు లైవ్ పేనల్ లేని పని ఇవ్వమని ముందే అడగండి. దాచుకుని వెళ్లడం కన్నా అడిగి తప్పుకోవడం నయం.

ఉతకడం దగ్గరే పాడవుతుంది

ఇప్పుడు ఈ బట్టలు ఉతికే అక్కచెల్లెళ్లకు, ఇంట్లో తమ బట్టలు తామే ఉతుక్కునే బ్యాచిలర్ తమ్ముళ్లకు.

బ్లీచ్ వేయొద్దు. మరకల కోసం అమ్మే పెరాక్సైడ్ పొడులు కూడా వద్దు. ఇవి బట్టలోని రక్షణను తినేస్తాయి, దారాన్ని బలహీనం చేస్తాయి. పైకి చూస్తే చొక్కా ముందుకన్నా శుభ్రంగా కనిపిస్తుంది, అదే మోసం. మెత్తదనం కోసం వేసే సాఫ్ట్‌నర్, డ్రయ్యర్‌లో వేసే వాసన షీట్లు, గంజి, ఇవి బట్ట మీద పొరలా పేరుకుంటాయి, ఆ పొర అంటుకుంటుంది. మామూలు లిక్విడ్ డిటర్జెంట్ చాలు. తిరగేసి, జిప్పులు మూసి, ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా ఉతకండి. డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టండి. ఎక్కువ వేడికి బట్ట కుంచించుకుపోతుంది, చేతులు పొట్టి అవుతాయి. అన్నిటికన్నా ముందు లోపలి లేబుల్‌లో తయారుచేసినవాళ్లు ఏం రాశారో అదే చేయండి.

నూనె, గ్రీజు, పెయింటు మరక పోకపోతే ఆ బట్ట పనికి రాదు, మరకే అంటుకుంటుంది. దోమల మందు కూడా ఈ బట్టల మీద కొట్టకండి. చిరిగితే ఇంట్లో ఉన్న గుడ్డ, మామూలు దారం వాడొద్దు. అదే రకం బట్టతో, మంట తట్టుకునే దారంతో, ఆ పని తెలిసినవాళ్లే వేయాలి. పలచబడితే, కుట్లు విడిపోతే, రేటింగ్ లేబుల్ చెరిగిపోతే మార్చాలి. ఒకసారి ఆర్క్ తగిలిన బట్టను మళ్లీ వేసుకోకూడదు.

ఈ ఒక్క పేరా ఆ నిజామాబాద్ అమ్మాయికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆమె ఆ అతుకు వేసేదా? ఒంటారియో నిబంధనల్లో 21వ సెక్షన్ ప్రకారం రక్షణ బట్టలు వేసుకునే కార్మికుడికి వాటి వాడకంతో పాటు సంరక్షణ కూడా ముందుగానే నేర్పాలి. ఆ తమ్ముడికి చొక్కా చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారు, అంతే. నేర్పనివాళ్లది తప్పా, భర్త చొక్కా చిరిగితే కుట్టిన ఇల్లాలిది తప్పా?

ఖర్చు ఎవరి ఖాతాలో?

ఇక్కడ నా బి.కాం. కొంచెం పనికొస్తుంది. మంచి ఏ.ఆర్. చొక్కా ఒక్కటి వంద డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. వారానికి సరిపడా చొక్కాలు, ప్యాంట్లు, చలి జాకెట్ కలిపితే కొత్తగా వచ్చినవాడికి నెల అద్దెలో పెద్ద వంతు. కంపెనీ కొంటే వ్యాపార ఖర్చుగా రాసుకుంటుంది. మనం కొంటే? జీతం మీద బతికే ట్రేడ్ కార్మికుడు పనిముట్లు కొంటే, కొంత పరిమితి దాటిన మొత్తానికి ఏడాదికి 1,000 డాలర్ల దాకా పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. పని కోసం వేసుకోవాల్సిన ప్రత్యేక బట్టలకు ఆ వీలు లేదు. అంటే డ్రిల్లు పనిముట్టు, ఒళ్లు కాపాడే చొక్కా మాత్రం మన సొంత బట్ట! ఈ లెక్క నాకు మింగుడు పడదు.

అన్ని ప్రావిన్సులూ ఒకేలా లేవు. బ్రిటిష్ కొలంబియాలో చలికీ వానకూ వేసుకునేవి, బూట్లు, మామూలు పని గ్లౌజులు, తల టోపీ కార్మికుడివి. మిగతా రక్షణ సామగ్రి యజమాని ఉచితంగా ఇవ్వాలి. క్యూబెక్ చట్టం కూడా ఉచితంగా ఇవ్వాలనే అంటుంది. మన ఒంటారియోలో డబ్బు ఎవరు పెట్టాలన్న మాట అంత సూటిగా లేదు. ఆ సందులోంచే భారం మన నెత్తిన పడుతోంది. ఒంటారియో కూడా సూటిగా రాయాలి, ఉతికించే బాధ్యతతో సహా రాయాలి. అప్పటిదాకా పనిలో చేరేముందే బట్టలు ఎవరు కొంటారు, ఎవరు ఉతికిస్తారు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. మీ సంతకంతో, ఎంత మొత్తమో రాసిన అనుమతి లేకుండా దాని కోసం జీతంలోంచి కోయకూడదు.

చిన్న కాంట్రాక్టర్లు అంటారు, "అన్నీ మేమే ఇస్తే గిట్టదు" అని. వాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు. కానీ గిట్టకపోవడం అనే మాట ఎక్కడికి తీసుకుపోతుందో టొరంటోకు తెలుసు. 2009 డిసెంబరు 24న కిప్లింగ్ అవెన్యూలో ఒక భవనం 13వ అంతస్తు దగ్గర వేలాడే వేదిక విరిగి నలుగురు వలస కార్మికులు చనిపోయారు. వేదిక మీద ఆరుగురు కార్మికులుంటే రక్షణ తాళ్లు రెండే. సరిగ్గా తాడు కట్టుకున్న ఒక్కడు కింద పడలేదు. మెట్రాన్ కన్‌స్ట్రక్షన్‌కు వేసిన 2 లక్షల డాలర్ల జరిమానాను 2013లో అప్పీలు కోర్టు 7.5 లక్షలకు పెంచింది. ప్రాజెక్టు మేనేజరుకు మూడున్నరేళ్ల జైలు శిక్ష పడింది. పని వేరే కావచ్చు, పాఠం మాత్రం ఒకటే. రక్షణ సామగ్రిలో మిగుల్చుకున్న డబ్బు లాభం కాదు, ఎవరి ఒంటి మీదో రాసుకున్న అప్పు.

మనవాళ్లు కూడా ఒక మాట అంటారు. "ఇరవై ఏళ్లు ఊళ్లో బనియన్ మీదే చేశాం, ఏమైంది?" ఏమీ కానివాళ్లే ఆ మాట అనగలరు. అయినవాళ్లు చెప్పడానికి లేరు.

సోమవారం పొద్దున్న ఏం చేద్దాం

సోమవారం మీ చొక్కా లేబుల్ చూడండి, అంకె ఉందో లేదో. మీరు తెరిచే పేనల్ లేబుల్ చూడండి. రెండూ సరిపోకపోతే సూపర్‌వైజరుకు చెప్పండి, వీలైతే ఫోన్‌లో మెసేజ్‌గా పెట్టండి, రుజువు ఉంటుంది. ప్రమాదం అని నిజంగా అనిపిస్తే పని చేయనని చెప్పే హక్కు ఒంటారియో భద్రతా చట్టం 43వ సెక్షన్‌లో ఉంది. చెప్పి, దగ్గర్లో సురక్షితమైన చోట ఉండండి. సూపర్‌వైజర్ కార్మికుల ప్రతినిధి ముందు విచారించాలి. అయినా తేలకపోతే ఇన్‌స్పెక్టర్ రావాలి. ఇందుకు మిమ్మల్ని తీసేయడం, బెదిరించడం 50వ సెక్షన్ ప్రకారం నేరం. కార్మిక శాఖ భద్రతా నంబరు 1-877-202-0008. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్లకు కూడా ఈ హక్కులే వర్తిస్తాయి.

భయం ఉంటుందని తెలుసు. పర్మిట్ ఒకే యజమాని పేరు మీద ఉన్నవాడికి నోరు తెరవడం తేలిక కాదు. అందుకే ఒక్కరు కాకుండా నలుగురు కలిసి అడగండి, లేదా ఆదివారం మా టేబుల్ దగ్గరికి రండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కాదు, కాలకముందే రండి. చొక్కా తీసుకుని రండి. ఉతికేవాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి.

ఆ రోజు ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. "నీ వల్ల కాదు చెల్లీ. నీకు ఎవరూ చెప్పలేదు." ఆమె కళ్లు తుడుచుకుని, ఉతికే పద్ధతి తెలుగులో రాసిమ్మంది. రాసిచ్చాను. దాన్ని వాషింగ్ మెషీన్ పైన గోడకు అంటించానని పోయిన వారం ఫోన్ చేసి చెప్పింది. అదే బేస్‌మెంటులో ఉండే ఇంకో రెండు కుటుంబాలు కూడా ఇప్పుడు అది చూసే ఉతుకుతున్నాయట.